ముందు బ్రేకు

చిన్న లారీ వెనక్కి వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాని మీద తాళ్ళతో కట్టిన బెచాను చూడగానే మంగాసి లేతు మిషను ఆపేశాడు. మూడేళ్ళుగా ఆ బండి అతని కంటపడలేదు. పడకపోవడమే మేలనుకున్నాడు. పాత ఇంగ్లీషు మోటారుసైకిలు, దానికి ఎడమవైపున మనుషులు కూర్చునే తొట్టి. తొట్టి మీది రేకు కప్పు నొక్కుకుపోయింది. ముందు చక్రం ఇంజను కిందికి ముడుచుకుపోయి, తన్నులు తిన్న కుక్క పడుకున్నట్టుంది.

ఆ తొట్టిలోనే అతని భార్య తియుర్మా చచ్చిపోయింది.

లారీలోంచి లస్మా దిగింది. తియుర్మా అన్న బిన్సార్ కూతురు. ఇరవై దాటిన పిల్ల, తండ్రి భుజాలే వచ్చాయి. "మావయ్యా" అని పిలిచింది. వెంటనే తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది.

బండి కిందికి దించాక విషయం చెప్పింది. అత్త పోయిన రోజు నుంచి బండి ఇంటి వెనకే పడి ఉంది. తండ్రికి షుగరు వచ్చి కాలు వాచింది. ఇంక గేరు వెయ్యలేడు. బండి తనే నడుపుతుంది. చక్రం నుంచి హ్యాండిలు దాకా ముందుభాగమంతా మార్చాలి, బ్రేకులు కూడా.

సియాంతార్ టౌన్లో ఆ పని చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు గదా అన్నాడు మంగాసి. ఉన్నారట. వంగినదాన్నే కాల్చి సాపు చేస్తామన్నారట. తండ్రి ఒప్పుకోలేదట.

"నీ దగ్గరికే తీసుకెళ్ళమన్నాడు. ఇంకెవరి చేతా ముట్టించొద్దన్నాడు."

"మీ నాన్నే అన్నాడా?"

"ఆఁ, నాన్నే."

మంగాసి నవ్వాడు. ఆ నవ్వు చూసి లారీవాడు మొహం అటు తిప్పుకున్నాడు.

నవ్వు రాక ఏమొస్తుంది? ఒకప్పుడు ఊళ్ళోని బెచాల ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులన్నీ మంగాసి చేతిమీదుగా వెళ్ళేవి. ఇప్పుడు గేటు బందులు, పందులదొడ్డి తలుపులు చేసుకుని బతుకుతున్నాడు. దానికి కారణం బిన్సార్ అన్న ఒక్క మాట.

మూడేళ్ళ కిందట, సరస్సు ఒడ్డున చుట్టాల పెళ్ళికి బిన్సార్ తన చెల్లెల్ని తొట్టిలో కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. మంగాసి వెనకాల బస్సులో వస్తున్నాడు. కొండ దిగే దారిలో బస్సు ఆగితే అందరితోపాటు తనూ దిగి చూశాడు. బెచా గట్టుకి గుద్దుకుని ఉంది. బిన్సార్ కాలు విరిగింది. తియుర్మాకు బయటికి ఒక్క గీత కూడా కనబడలేదు, కానీ ప్రాణం లేదు. మంగాసి ఆమెను చూశాడు. బండిని చూడలేదు. చూసే మనిషి అప్పుడు అతనిలో లేడు.

అంత్యక్రియల రోజు పిల్లనిచ్చిన ఇంటి తరఫున బిన్సార్ లేచాడు. చంకలో కర్ర. భార్య పోయినవాడి తలమీద ఆమె పుట్టింటివాళ్ళు ముసుగుగుడ్డ కప్పాలి. కప్పాడు. కప్పుతూ, చర్చి మెట్ల దాకా నిండిన జనానికి వినబడేలా అన్నాడు:

"ఇనుము మోసం చేసింది చెల్లెమ్మా."

ఆ ఇనుము ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు. ఆ ఫోర్కు తల అతికింది మంగాసి. ముసుగు కింద అతని నోరు తెరుచుకుంది, మూసుకుంది. పిల్లనిచ్చిన ఇంటివాడు నిలబడి మాట్లాడుతుంటే పిల్లను చేసుకున్నవాడు ఎదురాడకూడదు. వాళ్ళు పైనుండేవాళ్ళు. వాళ్ళ దీవెన లేనిదే పొలం పండదు, ఇల్లు నిలవదు. బతికుండగా ఆ మాట అందరికంటే గట్టిగా చెప్పింది తియుర్మానే. ఆమె శవం ముందు ఆమె అన్నను అబద్ధీకుడివని ఎలా అంటాడు? అనలేదు. ఊరు ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా రాసుకుంది.

ఇప్పుడదే బిన్సార్ తన కూతురి ప్రాణాన్ని తెచ్చి ఆ ఇనుము పనివాడి చేతుల్లోనే పెడుతున్నాడు. అంటే వాడికి మొదట్నించీ తెలుసు. అబద్ధం చెప్పినవాడికే కదా నిజమెక్కడుందో బాగా తెలిసేది.

కాదనే వీలు లేదు. అడిగింది పిల్లనిచ్చిన ఇల్లు. పనిలో నువ్వూ ఉండాలి, ఊరికే కూర్చుని చూస్తానంటే కుదరదని లస్మాతో చెప్పి, పానా అందుకున్నాడు.

విప్పుతుంటే అన్నీ బయటపడ్డాయి. ఫోర్కు తల దగ్గర అతను వేసిన అతుకు చెక్కుచెదరలేదు. గొట్టాలు విరిగింది దానికి జానెడు కింద, అదీ ఎదుటినుంచి తగిలిన దెబ్బకు. ఇది అతను ఊహించిందే. ఊహించిన రెండోది కూడా కనబడింది. చక్రం మధ్యలో బ్రేకు డ్రమ్ము దగ్గర ముందు బ్రేకు వైరు నట్టు మర చివరిదాకా వెనక్కి తిప్పి ఉంది. అక్కడే తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

బెచావాళ్ళకు అదొక అలవాటు. ముందు బ్రేకు ఒక్కటే పడితే మోటారుసైకిలు ఆగుతుంది గానీ తొట్టి ఆగదు. తొట్టి తన బరువుతో ముందుకు పోయి బండిని కుడికి తిప్పుతుంది. కుడివైపున ఎదురొచ్చే లారీలు. అందుకని నట్టు వెనక్కి తిప్పి ఆ బ్రేకును చంపేస్తారు. పోలీసుకు చూపించడానికి హ్యాండిలు మీద లివరు ఉంటుంది, నొక్కితే ఏమీ జరగదు. వెనక బ్రేకుతోటీ గేర్లతోటీ నెట్టుకొస్తారు. అదే నేర్పరితనమనుకుంటారు, కొడుకులకు కూడా నేర్పుతారు. చదును రోడ్డు మీద అది చెల్లుతుంది. కొండ దిగేటప్పుడు వెనక డ్రమ్ము ఒక్కదాని మీదే భారం పడి, అది కాగి పట్టు వదిలిందంటే ఇంక దేవుడే దిక్కు. ఈ సంగతి మంగాసి బిన్సార్‌కు ఎన్నోసార్లు చెప్పాడు. షెడ్డుకు వచ్చినప్పుడల్లా తను బిగించేవాడు. బిన్సార్ బెచాల స్టాండుకు వెళ్ళి వదులు చేసేవాడు.

"ఏంటి మావయ్యా అలా చూస్తున్నావు?" అంది లస్మా.

"ఏం లేదు. తుప్పు."

నట్టునూ గొట్టాలనూ పాత ఇనుము కుప్పలో పడేశాడు. ఆ వారమే పాత ఇనుపవాడు వచ్చి ఎత్తుకుపోయాడు. అది సాక్ష్యమని మంగాసికి తట్టకపోలేదు. కానీ ఎవరికి చూపిస్తాడు? పిల్లనిచ్చినవాడి తప్పును నడివీధిలో పెట్టినవాడికి ఆ ఊళ్ళో కల్లు దుకాణంలో బల్ల మీద కూడా చోటివ్వరు.

పని నెల దాటింది. పాతది ఒకదాన్లో ఒకటి జారే గొట్టాల ఫోర్కు. ఒంటి మోటారుసైకిలుకు అది చాలు, మలుపులో అది పక్కకు వాలుతుంది గనక. మూడు చక్రాల బండి వాలదు. మలుపు బలమంతా పక్కనుంచి వచ్చి గొట్టాలను వంచుతుంది, హ్యాండిలు రాయిలా బరువెక్కుతుంది. మంగాసి ఆ ఫోర్కును పూర్తిగా వదిలేశాడు. కదలని కాళ్ళు రెండు దించి, వాటి అడుగున చక్రాన్ని వెనకనుంచి చుట్టివచ్చే ఊగే చట్రం తగిలించాడు. చట్రం ముందు కొసన ఇరుసు. రెండు పక్కలా చిన్న జపాను బండివి వెనక షాకబ్జర్లు. ఇరుసు ముందుకు జరిగేకొద్దీ హ్యాండిలు తేలికవుతుంది. మరీ జరిగితే నెమ్మదిగా పోయేటప్పుడు కుక్కతోకలా ఊగుతుంది. సరైన చోటు దొరికేదాకా కోశాడు, అతికాడు, మళ్ళీ కోశాడు. బ్రేకు ప్లేటును ఊగే చట్రానికే కట్టేస్తే బ్రేకు పట్టినప్పుడల్లా బండి ముక్కు పైకి లేస్తుంది. దాన్ని ఒక కడ్డీతో కదలని కాలికి కట్టాడు.

తొట్టి చక్రానికి అంతవరకు బ్రేకే లేదు. దానికీ ఒక డ్రమ్ము పెట్టి, కాలితో నొక్కితే వెనక చక్రం, తొట్టి చక్రం రెండూ పట్టేలా కలిపాడు. తొట్టి బ్రేకు ఎడమకు లాగుతుంది. ముందు బ్రేకు కుడికి లాగుతుంది. చెయ్యీ కాలూ కలిపి పడితే గీత గీసినట్టు ఆగుతుంది. అదీ అతని లెక్క.

లస్మా ఆకురాయి పట్టింది, పళ్ళచక్రాలు కడిగింది, వెల్డింగు చూసి కళ్ళు మండించుకుంది. అతను ఒక్కసారి కూడా బాగుందనలేదు. బాగాలేనప్పుడు మాత్రం చెప్పాడు. అన్నం మాత్రం ఇద్దరూ ఒకచోటే తిన్నారు. ఒకరోజు, తొట్టిలో కూర్చోవడానికి అత్తకు భయముండేదా అని అడిగిందా పిల్ల.

"మీ అత్తకి దేనికీ భయం లేదు. నా వంటకి తప్ప" అన్నాడు. కంచం కడిగి మళ్ళీ లేతు దగ్గరికి వెళ్ళాడు.

స్టాండులో అందరికంటే పాత మనిషి రాజామిన్ ఒకరోజు చుట్ట కాల్చుకుంటూ వచ్చి, కొత్త ముందుభాగం చుట్టూ పెళ్ళికూతుర్ని చూసినట్టు తిరిగాడు.

"సింగారం బానే ఉందిరా మంగాసీ. ఈసారెన్నాళ్ళు నిలబడుద్ది?"

"నీ నోట్లో మిగిలిన పళ్ళకంటే ఎక్కువే."

"నాకు రెండే మిగిలాయిరా."

"మరింకేం."

ముసలాడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కానీ అతని మాట వీధిలో ఉండిపోయింది. ఈసారెన్నాళ్ళు?

ఊరి చివర, తేయాకు తోటల పక్కన వాలుగా ఉండే దారిలో తొట్టిలో ఇసుక బస్తాలు వేసి ఆ పిల్లకు నేర్పాడు. చెయ్యి, కాలు, కలిపి. మళ్ళీ. చెయ్యి ముందు పోతే తిట్టాడు, కాలు ముందు పోతే ఇంకా తిట్టాడు. చివరికి బండి తిన్నగా ఆగింది. మరోసారి ఆగింది. ఇంక తీసుకుపొమ్మన్నాడు.

తీసుకుపోయే రోజు దీవించడానికి బిన్సార్ వచ్చాడు. కూతురి తలమీద బియ్యం చల్లాడు, బండి మీద చల్లాడు, మంగాసి తలమీద కూడా చల్లాడు. మంగాసి తల వంచాడు. తర్వాత బిన్సార్ లివరు నొక్కి చూశాడు. సగం దూరం రాకుండానే అది గట్టిగా నిలబడింది.

"బిగుసుగా ఉందే బావా" అన్నాడు మెల్లగా.

"ఉండాలి."

బిన్సార్ తలెత్తలేదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒక పొద్దున మంగాసి సంత కూడలిలో ఇనుప చువ్వలు బేరమాడుతున్నాడు. చేపల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్ళను ఎక్కించుకుని లస్మా వచ్చి ఎదురుగా ఆగింది. ఆగుతూ బండి ముక్కు ఎడమకు తిరిగింది. తొట్టి చక్రం మురుగుకాలవ అంచును రాసుకుంది.

అతనికి వెంటనే అర్థమైంది. కాలిబ్రేకు ఒక్కటే పనిచేస్తోంది. బేరం వదిలేసి రోడ్డు దాటి, లివరు నొక్కాడు. అది ఊగే పన్నులా వచ్చి హ్యాండిలుకు తగిలింది.

"ఎవరు తిప్పారు?"

చేపలవాళ్ళు డబ్బులిచ్చి దిగిపోయారు. అప్పుడు చెప్పింది లస్మా. మొదటి వారం ఒక పిల్లాడు బంతి కోసం రోడ్డు మీదికి వచ్చాడు. కంగారులో చెయ్యి ఒక్కటే పట్టింది, కాలు మరిచిపోయింది. బండి కుడికి దూకింది. బస్సు అద్దం ఆమె మోచేతిని గీసుకుని పోయింది. స్టాండు స్టాండంతా నవ్వారు. సింగారపు బ్రేకు పెట్టుకుంటే అంతేనన్నారు. రాజామిన్ తాత పానా ఇచ్చాడు, నట్టు తనే తిప్పింది.

"మీ నాన్న చూళ్ళేదా?"

"చూశాడు. అడిగా కూడా. నీ ఇష్టం అన్నాడు."

మంగాసికి ఆ మాట అర్థమైంది. బిగించమని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. అది చెప్పలేక, బిన్సార్ కూతురిని దాని ఇష్టానికి వదిలేశాడు.

"ఏమైంది మావయ్యా ఇప్పుడు? నాన్న ముప్ఫై ఏళ్ళు ఇలాగే నడిపాడు. ఆ ఫోర్కు విరిగిన రోజు తప్ప ఏనాడైనా ఏమైనా అయిందా?" అంది లస్మా. తర్వాత, అతన్ని చల్లబరచడానికన్నట్టు, ఆదివారం మొదటి దూరపు కిరాయి తగిలిందని చెప్పింది. చర్చి ఆడవాళ్ళను సరస్సు దాకా తీసుకెళ్ళాలి.

సరస్సు దాకా. అదే దిగుడు.

షెడ్డుకు రమ్మన్నాడు. ఆమె బండి మీద వచ్చింది. అతను నడిచి వచ్చాడు. నడుస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. మూడేళ్ళుగా ఈ మాట అతని గొంతులో ఉంది. చర్చిలో పాడేటప్పుడు ఉంది, అన్నం మింగేటప్పుడు ఉంది. చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం ఇంకెప్పుడూ దొరకదు. అదే అతన్ని భయపెట్టింది. ఆ పిల్ల బతకాలని చెప్తున్నాడా, బిన్సార్ కూతురి కళ్ళముందు బిన్సార్‌ను పడగొట్టాలని చెప్తున్నాడా? పిల్లనిచ్చిన ఇంటి పెద్దను ఆ ఇంటి పిల్ల ముందే తూలనాడటం, అంతకంటే నీచం వాళ్ళలో లేదు. తియుర్మా ఉంటే చెంప పగలగొట్టేది. లేదంటే, చెప్పవయ్యా తొందరగా అని వీపు మీద తోసేది. ఆమె ఏం చేసేదో కూడా అతనికి తెలియడం మానేసింది.

షెడ్డులో స్టూలు చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఫోర్కు విరిగి గుద్దుకోలేదు కోడలా. గుద్దుకున్నాక విరిగింది. నా అతుకు అట్లాగే ఉంది. ముందు బ్రేకు వైరు చివరిదాకా వదులు చేసి ఉంది, ఇప్పుడు నీది ఉన్నట్టే. దిగుడులో వెనక డ్రమ్ము కాగింది. ఇంక ఆపడానికేం లేదు."

లస్మా మొహంలో ఏమీ మారలేదు. "ఏదీ, చూపించు."

"లేదు. పాత ఇనుపవాడికి పోయింది."

"ఎందుకు పోనిచ్చావు?"

"మీ ఇంటి పిల్లని చేసుకున్నవాణ్ణి గనక."

"మూడేళ్ళు నోరు మూసుకున్నావు. ఇవాళ చెప్తున్నావు."

"నువ్వు నట్టు తిప్పావని ఇవాళ తెలిసింది గనక."

"కాదు. నీ పేరు కోసం చెప్తున్నావు. ఊళ్ళో నీకు పని లేదని చెప్తున్నావు."

"అదీ ఉంది" అన్నాడు మంగాసి.

ఆ జవాబు ఆమె ఎదురుచూడలేదు. తల తిప్పుకుని గోడకున్న పానాలను చూసింది. ఏదైనా తీసి విసురుతుందనుకున్నాడు. విసిరితే బాగుండేది.

"నన్ను నమ్మొద్దు. ఇంటికెళ్ళి మీ నాన్నని ఒక్కటే అడుగు. ఇనుమే మోసం చేసుంటే నిన్ను మళ్ళీ ఆ ఇనుము చేతికే ఎందుకు పంపాడని."

ఆమె బండి తీసింది. బ్రేకు బిగించమనలేదు. వెళ్ళేటప్పుడు మావయ్యా అని కూడా అనలేదు. మలుపులో బండి నెమ్మదించింది, ముక్కు ఎడమకు లాగింది, దాన్ని సరిచేసుకుని పోయింది.

ఆదివారం దగ్గరపడేకొద్దీ మంగాసి చేతికి పని అంటలేదు. వెళ్ళి బలవంతంగా నట్టు బిగించి వస్తే? పక్క కూడలిలో మళ్ళీ తిప్పేస్తుంది. బ్రేకు అనేది ఇనుములో సగమే ఉంటుంది, మిగతా సగం నడిపేవాడి తలలో. శనివారం కల్లు దుకాణానికి వెళ్ళి కూర్చున్నాడు. అక్కడ ఎవరో, లస్మా బండి దిగుడులో ఎట్లా నిలబడుతుందో రేపు చూడాలి అన్నారు. గ్లాసు వదిలేసి వచ్చేశాడు.

ఆదివారం పొద్దున్నే చర్చి గంట ఇంకా మోగకముందు బిన్సార్ వచ్చాడు. నడిచి వచ్చాడు. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో గుడ్డ కప్పిన పళ్ళెం. గుడ్డ తీశాడు. పసుపు, అండలిమాన్ మిరియం పట్టించి వండిన నిండు చేప. తల మంగాసి వైపు తిప్పి పళ్ళెం చాచాడు.

పిల్లనిచ్చిన ఇంటినుంచి చేప వస్తే రెండు చేతులా అందుకోవాలి. మంగాసి చేతులు అతన్ని అడక్కుండానే లేచాయి. పళ్ళెం అందుకున్నాక తనమీద తనకే అసహ్యం వేసింది.

బిన్సార్ స్టూలు మీద కూలబడ్డాడు. వాచిన కాలు చాపాడు. కూతురు అడిగిందని చెప్పాడు. మొదటి రోజు తిట్టి పంపేశాడట. రెండో రోజు ఆ పిల్ల అన్నం కంచం తోసేసి మళ్ళీ అదే మాట అడిగిందట. నిన్న చెప్పాడట.

"ఏం చెప్పావు?"

"వైరు నేనే వదిలానని." ఊపిరి తీసుకుని ఇంకొంచెం చెప్పాడు. "సగం దిగాక డ్రమ్ము కాలిన వాసనొచ్చింది బావా. తియుర్మా అడిగింది, అన్నా, ఏంటీ కాలుతున్న వాసనని. తోటల్లో గడ్డి కాలుస్తున్నార్లే అన్నాను."

మంగాసి పళ్ళెం బల్ల మీద పెట్టాడు. తన భార్య చివరిగా విన్న మాట ఏమిటో మూడేళ్ళకు అతనికి తెలిసింది. అది కూడా అబద్ధమే.

"స్టాండులో చెప్పు" అన్నాడు.

"చెప్తా. నువ్వు చెప్పమంటే ఇప్పుడే పోయి చెప్తా. కానీ రేపట్నించి లస్మా తొట్టిలో ఎవరు కూర్చుంటారు బావా? చెల్లెల్ని చంపినోడి కూతురు, అదే బండి అంటారు. నీ నోటితో చెప్పు, చెప్పమని."

ఇదీ బిన్సార్ అంటే. ఒప్పుకునేటప్పుడు కూడా బరువు ఎదుటివాడి నెత్తిన పెట్టి ఒప్పుకుంటాడు. మంగాసికి ఆ వాచిన కాలు మీద తన్నాలనిపించింది. ఒక్క మాట చాలు. చెప్పమంటే తన పేరు తనకు వస్తుంది, ఆ పిల్ల బండి మూలపడుతుంది. బండి మూలపడితే చావదు కూడా, అని లోపలినుంచి ఒక గొంతు అంది. తెలివైన గొంతే. కానీ ఆ బండిని ఆ పిల్ల తన చేతులతో ఆకురాయి పట్టి చేసుకుంది. అది లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

"వైరు?" అని అడిగాడు.

"రాత్రి బిగించింది. పొద్దున నేను నొక్కి చూశా. సగంలో నిలబడింది."

"ఆడవాళ్ళని ఎక్కించకముందు ఒకసారి ఖాళీ బండితో దిగుడు దిగి రమ్మను. తొట్టిలో నువ్వు కూర్చో."

బిన్సార్ మొహం పాలిపోయింది. "నేనా?"

"నువ్వే. తియుర్మా కూర్చున్న చోటే కూర్చో. మీ అమ్మాయి చెయ్యీ కాలూ కలిపి పడుతుందో లేదో చూడు. ఇకనుంచి రోజూ పొద్దున ఆ లివరు నువ్వే నొక్కి చూడు. బతికున్నన్నాళ్ళూ."

"స్టాండులో…"

"వద్దు. చెప్పొద్దు. నీకోసం కాదు. క్షమించానని మాత్రం ఎక్కడా అనుకోకు."

"అనుకోను బావా" అన్నాడు బిన్సార్. కర్ర పట్టుకుని లేవడానికి చాలాసేపు పట్టింది. మంగాసి చెయ్యి అందించలేదు.

అతను వెళ్ళాక చేప తిన్నాడు. బాగుంది. అది కూడా అతనికి కోపం తెప్పించింది.

చర్చికి వెళ్ళలేదు. షెడ్డు ముందు కూర్చుని రోడ్డు చూశాడు. సరస్సు వైపునుంచి వచ్చే ప్రతి బస్సూ లారీ శబ్దానికి చెవి ఒగ్గాడు. మధ్యాహ్నం ఎండ వాలాక బెచా వచ్చింది. తొట్టిలో ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటున్నారు. ఒకావిడ ఒళ్ళో సరస్సు చేపల బుట్ట. రోడ్డుకు అడ్డంగా ఒక పంది పరిగెత్తింది. లస్మా బ్రేకు పట్టింది. బండి ఉన్నచోటే, తిన్నగా, గీత గీసినట్టు ఆగింది. ముక్కు ఎటూ తిరగలేదు.

షెడ్డుకు పది అడుగుల దూరంలో. లస్మా ఇటు చూడలేదు. పంది దాటేదాకా ఆగి, గేరు వేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి రోజుల్లో కూడా ఆమె ఇటు చూడలేదు. తండ్రిని చిన్నవాణ్ణి చేసిన మనిషి మొహం చూడటం ఎవరికైనా కష్టమే. మంగాసి దానికి ఆమెను తప్పుపట్టలేదు. ఆ ఇంట్లో అతను తప్పుపట్టని మనిషి ఆమె ఒక్కతే.

ఊరికి మాత్రం చేప పళ్ళెం కనబడింది. ఆ వీధిలో పొద్దున్నే పళ్ళెం పట్టుకుని నడిచి వెళ్ళిన బిన్సార్‌ను చూడనివాళ్ళు లేరు. పిల్లనిచ్చిన ఇంటినుంచి చేప వచ్చిందంటే తగువు తీరినట్టే. తప్పు చేసినవాడికి పెద్దింటివాళ్ళు దీవెన పంపినట్టే. ఆ వాచిన కాలుతో నడిచి వెళ్ళాడే, ఎంత పెద్ద మనసు అన్నారు.

ఆ మాటే పట్టుకుని వారం తిరక్కుండా రాజామిన్ తన బండి తోసుకుంటూ వచ్చాడు.

"బిన్సారే మనసులోంచి తీసేశాక మనకేంట్రా. లస్మా బండికి చేసినట్టే నాదానికీ చెయ్యి. నా చేతులింక ఈ హ్యాండిలు తిప్పలేవు." కొంచెం దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "నీ ఇనుము మీద నాకెప్పుడూ అనుమానం లేదనుకో. ఊరన్నాక నాలుగు మాటలుంటాయి."

మంగాసి అతని రెండు పళ్ళను చూశాడు. లస్మా చేతికి పానా ఇచ్చిన చేతిని చూశాడు. అనాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో ఏదన్నా సరే అది చివరికి ఆ పిల్ల తొట్టి దాకా పోతుంది. వంగి, ముసలాడి బండి లివరు నొక్కాడు. అది ఉత్తినే వచ్చి హ్యాండిలుకు తగిలింది.

"ముందు ఇది బిగిస్తా. వద్దంటే బండి తీసుకుపో" అన్నాడు.

రాజామిన్ గొణిగాడు. అది పట్టుకుంటే లారీ కిందికి లాగుద్దన్నాడు. నలభై ఏళ్ళు దాన్ని ముట్టకుండానే నడిపానన్నాడు. మంగాసి వినలేదు. పానా తీసుకుని నేలమీద కూర్చుని నట్టు తిప్పడం మొదలుపెట్టాడు.